పడినవాణ్ణి కొట్టకూడదు

కందిలంకలో తెలివైనవాళ్ళు ముగ్గురే ఉన్నారు. ఈ మాట ఊళ్ళో ఎవరినడిగినా చెప్పరు, ఆ ముగ్గురినే అడగాలి. దొరబాబు, ముత్యాలు, నాగులు. ముగ్గురూ తాలింఖానా పాకలో కర్రసాము నేర్చినవాళ్ళు. ఒక్క కొట్లాటలోనూ ఓడిపోలేదు. ఒక్క కొట్లాటకీ వెళ్ళలేదు కూడా, కానీ ఆ రెండో ముక్క గుచ్చి గుచ్చి అడిగితేనే చెబుతారు.

వాళ్ళని అని ఏం లాభం. నేనూ ఓ వేసవి ఆ పాకలో కర్ర తిప్పినవాణ్ణే. నేను తిప్పిన కర్ర తిరిగి తిరిగి నా నెత్తిమీదే వాలేది. "వీడివల్ల పరాయివాడికి అపాయం లేదు" అని వస్తాదుగారు నలుగురిలో మెచ్చుకుని, మర్నాటి నించి రావద్దన్నారు. అందుకని నేను కథ రాస్తున్నాను. వాళ్ళు కథలో ఉన్నారు.

ఆ వస్తాదుగారు పోయినేడు కాలం చేశారు. పోతూ పోతూ భార్య పేరంటాలమ్మకి ఓ పాడిగేదెనీ, శిష్యులకి నాలుగు మాటలనీ వదిలి వెళ్ళారు. గేదె పాలు హోటలుకి పోస్తేనే పేరంటాలమ్మ పొయ్యి వెలుగుతుంది. అది తప్ప ఆవిడకి ఇంకో ఆధారం లేదు. ఇక శిష్యుల నాలుగు మాటలు ఇవి. ముందు దెబ్బ మనది కాకూడదు. ఎదుటివాడి కళ్ళలోంచి చూపు తిప్పకూడదు. పడినవాణ్ణి కొట్టకూడదు. ఎదుటివాడు వీపు చూపించి పోయాడంటే గెలుపు మనదే. ఆడవాళ్ళు పాకలో అడుగు పెట్టకూడదని నియమం గనక, పేరంటాలమ్మకి గేదె దక్కింది గానీ ఈ మాటలు దక్కలేదు.

ఓ రోజు పొద్దున్నే టీ కొట్టు సింహాద్రి గ్లాసు అందిస్తూ ఓ ప్రశ్న కూడా అందించాడు.

"ఏరా దొరబాబూ, దసరా ఊరేగింపులో పొట్టమీద వంకాయ పెట్టుకుని కత్తితో కోస్తారు గదా. నిజంగా ఎవడైనా మీదకొస్తే కొట్టగలరా, లేకపోతే వంకాయల వరకేనా?"

"ఆయ్, వంకాయలొక్కటే కాదండి. దోసకాయలు కూడా కోస్తాం" అన్నాడు ముత్యాలు.

"అది కూరకి పనికొస్తుందిరా. మీరు నిజం యోధులా కాదా అని అడుగుతున్నా."

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఇన్నేళ్ళూ ఈ సంగతి ఎవరూ అడగలేదు.

"అది ఎలా తెలుస్తుందండి?" అన్నాడు నాగులు.

"ఆపదొచ్చినప్పుడు తెలుస్తుంది" అని సింహాద్రి గ్లాసులు కడుక్కోడానికి వెళ్ళిపోయాడు.

ఇంకేముంది. టీ సగంలో వదిలేసి ముగ్గురూ రేవుకెళ్ళి కూర్చున్నారు. చుట్టూ గోదారి. లంకలోకి ఏది రావాలన్నా పంటు పడవ మీదే రావాలి, ఆపదైనా సరే. పంటు దిగిన ప్రతివాణ్ణీ ఆపి, "మీతో ఆపదేమైనా వచ్చిందాండి?" అని మర్యాదగా అడుగుతున్నారు. ఓ కొత్తల్లుడు వెనకాల దిగుతున్న అత్తగారి వైపు చూపించాడు. అంతే. ముగ్గురూ కర్రలు కింద పెట్టి, నేలకి వంగి దండం పెట్టి, కర్రలెత్తి నిలబడ్డారు. ఆవిడ ఇదంతా తనకి చేసే మర్యాద అనుకుని, ముగ్గుర్నీ దీవించి, పనసకాయ ముత్యాలు నెత్తిన పెట్టి, అల్లుడింటిదాకా మోయించుకుంది.

"ఇది ఆపద కాదేమోరా" అన్నాడు ముత్యాలు మెడ పట్టుకుని.

అప్పుడే పేరంటాలమ్మ గాభరాగా రేవుకొచ్చింది. అవతలి గట్టున ఉన్న కూతురికి నెప్పులొస్తున్నాయని కబురట.

"సాయంత్రానికి వచ్చేస్తాన్రా. గేదెని కనిపెట్టుకుని ఉండండి. పశువుల దొంగ ఎవడో తిరుగుతున్నాడంటున్నారు."

"దొంగంటే ఆపదే కదా పిన్నీ?" అన్నాడు నాగులు.

"కాకపోతే పేరంటమా?"

"అమ్మయ్య" అన్నారు ముగ్గురూ.

ఆవిడ పంటు ఎక్కింది. వీళ్ళు వెళ్ళి పెరట్లో గేదె పక్కన వరసగా నిలబడ్డారు. తర్వాతి పంటులో దొంగ దిగాడు. అచ్చియ్య వాడి పేరు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెళ్ళికొచ్చినవాడిలా దడి తీసుకుని పెరట్లోకొచ్చాడు. కర్రలతో ముగ్గురు కనిపించేసరికి గిరుక్కున తిరిగాడు.

"ఉండండుండండి, వెళ్ళిపోకండి" అని దొరబాబు బతిమాలాడు. "మీరు దొంగేనాండి?"

"ఛ ఛ. గేదెని తోలుకెళ్దామని వచ్చా."

"అదే అదే. పొద్దుటి నించీ మీకోసమే చూస్తున్నాం. మీ కర్రేది?"

"కర్రెందుకు?"

"కర్ర లేనివాణ్ణి కొడితే మా తాలింఖానా పరువేం కాను? నాగులూ, నీది ఇయ్యరా."

నాగులు తన కర్ర దొంగకిచ్చి, తను వంటింట్లోంచి కవ్వం తెచ్చుకున్నాడు. దొంగకి దండం పెట్టడం నేర్పారు. కాళ్ళు ఎడం చేసి నిలబడడం నేర్పారు. వాడు ఎడం కాలు ముందుకి పెడితే, "కుడి కాలండి, కుడి" అని ముత్యాలు వాడి కాలు పట్టుకుని సరిచేశాడు. పాపం వాడు చెప్పినట్టల్లా చేశాడు. అంత వినయమైన శిష్యుణ్ణి ఆ పాక ఎన్నడూ చూడలేదు.

"ఇప్పుడు మీరు ముందు కొట్టండి" అన్నాడు దొరబాబు.

"నాకు కొట్టాలని లేదు."

"అలాగంటే ఎలాగండి? మీరు కొడితేగానీ మేం కొట్టకూడదు. ఒక్క దెబ్బ. మొహమాటపడకండి."

దొంగ దొరబాబు భుజం మీద కర్ర ఆనించాడు.

"ఇది దెబ్బ కింద లెక్కా?" అన్నాడు ముత్యాలు.

"నొప్పి పుట్టలేదురా" అన్నాడు దొరబాబు. "కొంచెం గట్టిగా, ఏమనుకోకండి."

దొంగకీ ఓపిక ఉండాలి గదా. మోకాలి చిప్ప మీద ఒక్కటిచ్చాడు. దొరబాబు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కానీ మొహం వెలిగిపోయింది.

"ఇది దెబ్బేరా. ఇప్పుడు మన వంతు."

రెండు కర్రలూ ఒక కవ్వమూ పైకి లేచాయి. అంతే, దొంగ దబ్బున నేలమీద పడిపోయాడు. ఎత్తిన కర్రలు ఎత్తినట్టే ఆగిపోయాయి.

"ఏంటండీ అలా పడిపోయారు? పడినవాణ్ణి మేం కొట్టకూడదు."

"అలాగా" అన్నాడు దొంగ, పడుకునే. "ఇంకా ఏమేం చెయ్యకూడదు?"

చెప్పారు. అడిగినవాడికి విద్య దాచకూడదు కదా. నాలుగు మాటలూ వివరంగా చెప్పారు. దొంగ విన్నాడు, లేచాడు, మట్టి దులుపుకున్నాడు. "అయితే నా కళ్ళలోకి చూడండి" అన్నాడు.

ఇంకేముంది. ముగ్గురూ వాడి కళ్ళలోకి గుచ్చి చూస్తూ నిలబడిపోయారు. వాడు వీళ్ళ కళ్ళలోకి చూస్తూనే, చేతులు వెనక్కి పెట్టి గుంజకున్న పలుపుతాడు విప్పాడు. తాడు పట్టుకుని వెనక్కి వెనక్కి నడిచాడు. గేదె వాడి వెనక నడిచింది. వీళ్ళు వాడి ముందు నడిచారు.

"ఒరే, గేదె మెడలో గంట మోగుతోందిరా" అన్నాడు నాగులు.

"చెవులతో విను. కళ్ళు తిప్పకు" అన్నాడు దొరబాబు.

పుంతదారి వెంట ఊరేగింపు సాగింది. వెనక్కి నడిచేవాడు నాలుగడుగులకోసారి తడబడుతున్నాడు. పడిపోతే కొట్టడానికి ఉండదు. అందుకని వీళ్ళకి ప్రాణం మీదకొచ్చింది.

"వెనకాల గొయ్యుందండి, కాస్త కుడివైపు" అని ముత్యాలు.

"పేడ, పేడ, జారతారు" అని నాగులు.

అప్పటికీ ఓసారి పడ్డాడు. ముగ్గురూ కలిసి లేవదీసి, చొక్కా దులిపి, చేజారిన తాడు తీసి మళ్ళీ చేతికిచ్చారు. ఇదంతా కళ్ళలోంచి చూపు తిప్పకుండానే చేశారు. అక్కడ మెచ్చుకోవాలి. టీ కొట్టు దగ్గర సింహాద్రి ఇది దసరాకి కొత్త ఆట అనుకుని, "బావుందిరా, గేదెక్కూడా నేర్పారే" అని చప్పట్లు కొట్టాడు.

రేవులో దొంగ పంటు ఎక్కాడు, గేదె ఎక్కింది. పంటు కదిలింది. దొంగ వీళ్ళ వైపు చూస్తూనే ఉన్నాడు. వీళ్ళు గట్టు మీద నిలబడి వాడి కళ్ళలోకి చూస్తూనే ఉన్నారు. కళ్ళు చిన్నవైపోయాయి, మొహం చిన్నదైపోయింది.

"వీపు చూపించట్లేదురా" అని దొరబాబు దిగులుపడ్డాడు. "గట్టివాడే."

ఇంతలో పెరట్లో కట్టేసి ఉన్న దూడ గొంతెత్తి అరిచింది. ఆ అరుపు నీళ్ళ మీదుగా వెళ్ళి గేదె చెవిన పడింది. అది నాలుగు మాటలూ నేర్చిన గేదె కాదు. ఒక్క దూకు దూకింది. తాడు పట్టుకున్న దొంగ కూడా గోదాట్లో పడ్డాడు, తాడు వదిలేసి అవతలి గట్టుకి ఈదుకున్నాడు. గేదె ఇవతలి గట్టుకి ఈదుకొచ్చి, వీళ్ళ ముగ్గురి మధ్యనించీ దారి చేసుకుని ఇంటికెళ్ళిపోయింది. ముగ్గురూ ఇంకా నీళ్ళలో కళ్ళకోసం వెతుకుతున్నారు.

సాయంత్రం మనవణ్ణి చూసుకుని సంబరంగా వచ్చిన పేరంటాలమ్మ, తడిసిన గేదెనీ వాచిన మోకాలినీ చూసి సంగతి రాబట్టింది. గేదె మెడ నిమురుతూ కూర్చుంది.

"ఇది పోతే నేనేం తిని బతకాలిరా?" అంది చివరికి. "మీ వస్తాదు నాకిచ్చిందల్లా ఇదొక్కటే. వచ్చేవారం పిల్లకి పదకొండో రోజు పురుడు, నేను మళ్ళీ వెళ్ళాలి. ఈసారి మీరు కాపలా ఉండొద్దు బాబూ. నిజంగా కొట్టడం చేతనైనవాణ్ణి చూసి గేదెని అప్పగించండి."

"అలాగే పిన్నీ" అన్నారు ముగ్గురూ.

పురుడు రోజున ఆవిడ పంటు ఎక్కగానే, ముగ్గురూ పాకలో కూర్చుని మధ్యాహ్నం దాకా తీవ్రంగా ఆలోచించారు. ఊళ్ళో నిజంగా కొట్టడం చేతనైనవాడెవడు?

"మనమేగా" అన్నాడు నాగులు.

"మనం ఎవర్ని కొట్టాం?" అన్నాడు దొరబాబు.

నాగులు వేళ్ళు ముడిచి చూసుకున్నాడు. ఒక వేలు కూడా తెరుచుకోలేదు.

"మరి మనల్ని ఎవరు కొట్టారు?" అన్నాడు ముత్యాలు.

ముగ్గురూ దొరబాబు మోకాలి వైపు చూశారు. అది ఇంకా వాచే ఉంది. అంతే, సమస్య తేలిపోయింది.

"ఒరే, పోయినసారి దూడని వదిలేసి వెళ్ళబట్టే గేదె వెనక్కొచ్చేసింది" అన్నాడు నాగులు. "ఈసారి దూడని కూడా తీసుకెళ్దాం."

ఒకసారి చేసిన పొరపాటు మళ్ళీ చేస్తే ఇక తెలివైనవాళ్ళేమిటి? దొరబాబు గేదెని తోలాడు, నాగులు దూడని భుజాన వేసుకున్నాడు, ముత్యాలు తడవకుండా తవుడు బస్తా మోశాడు. పంటు దిగి చూస్తే అచ్చియ్య అవతలి రేవులోనే కూర్చుని మరమరాలు తింటున్నాడు. వీళ్ళని చూడగానే మరమరాల పొట్లం అలాగే పట్టుకుని దబ్బున పడిపోయాడు. నేర్చిన విద్య ఎక్కడికి పోతుంది.

"లేవండి, లేవండి. మీతో పనుంది" అని లేవదీశారు. "మా గేదెకి కాపలా ఉండాలి. ఇదిగో తాడు."

అచ్చియ్య తాడు వంక చూశాడు. ఆకాశం వంక చూశాడు.

"దూడ?" అన్నాడు.

"అది లేకపోతే ఇది ఉండదు గదండి. అందుకే తెచ్చాం. తవుడు ఇదిగో. పాలు మీరే పిండుకోండి, లేకపోతే పొదుగు గడ్డకట్టేస్తుంది."

వాడికి కళ్ళు చెమర్చాయి. వాళ్ళమ్మ కూడా వాణ్ణి అంత నమ్మలేదు.

తాడు చేతులు మారుతుండగా, పురుడు ముగించుకుని ఇంటికి బయల్దేరిన పేరంటాలమ్మ రేవు గట్టు దిగింది. గేదెని చూసింది. దూడని చూసింది. తవుడు బస్తాని చూసింది. చేతిసంచి కింద పెట్టి, దొరబాబు చేతిలో కర్ర లాక్కుంది.

దండం లేదు. కుడికాలు ముందుకి పెట్టడం లేదు. కళ్ళలోకి చూడడం అసలే లేదు. వచ్చీ రాగానే అచ్చియ్య వీపు మీద ఒక్కటేసింది. వాడు నిశ్చింతగా కింద పడిపోయాడు. పడ్డవాణ్ణి ఇంకొకటేసింది.

"అమ్మా, పడినవాణ్ణి కొట్టకూడదు. కావాలంటే వీళ్ళనడగండి" అన్నాడు వాడు.

ఆవిడ అడగలేదు. మూడోది పడేసరికి వాడు తాడు వదిలేసి, తవుడు బస్తా మీంచి గెంతి, గట్టెక్కి పరుగు తీశాడు. ఇస్త్రీ చొక్కా వీపు మీద నిలువునా చిరిగి ఉంది.

ముగ్గురూ నోళ్ళు తెరుచుకుని చూశారు.

"ముందు దెబ్బ పిన్నిదేరా" అన్నాడు ముత్యాలు బాధగా. "పడినవాణ్ణి కూడా కొట్టింది."

"ఆవిడ నిజం యోధురాలు కాదులే" అన్నాడు దొరబాబు. "ఊరికే కొట్టేస్తోంది. ఊరికే కొట్టేస్తే యోధులైపోతారా?"

నాగులు పరుగెడుతున్నవాణ్ణే చూస్తున్నాడు. "ఒరే, వీపు చూపించాడు."

"పిన్నికి కదరా?"

"మనకి కనిపించట్లేదా ఏం?"

నిజమే. ముగ్గురికీ శుభ్రంగా కనిపిస్తోంది.

"అయితే గెలిచాం" అన్నాడు దొరబాబు. మిగిలిన ఒక్క కర్రా ముత్యాలు గిరగిరా తిప్పాడు. ఇక సింహాద్రికి జవాబు దొరికినట్టే.

ఆ మాట పేరంటాలమ్మ వింది. గేదె తాడు నడుముకి చుట్టుకుని, కర్ర చేతిలోనే ఉంచుకుని, ఈసారి వీళ్ళ వైపు నడిచింది.

ముగ్గురూ ఒకరినొకరు చూసుకుని చిన్నగా నవ్వుకున్నారు. విద్య ఉన్నవాడికి భయమేమిటి? నేలకి వంగి దండం పెట్టి, దూడని జాగ్రత్తగా పక్కకి దించి, ధైర్యంగా వరసగా బోర్లా పడుకున్నారు.