శుక్రవారం అరగంట

చెయ్యేటి ఒడ్డున ఉండే శేషాచలస్వామి వారు, ఎవరు ఏ ప్రశ్న అడిగినా ముందు గ్లాసెడు మజ్జిగ ఇప్పించేవారు. సగం ప్రశ్నలు ఆ మజ్జిగతోపాటే దిగిపోయేవట. శిష్యుడు ఓంకారయ్య ప్రశ్న మాత్రం దిగలేదు.

"స్వామీ, దేశాలు దాటిపోయినోళ్ళ సంసారాలకు సర్కారు ఏం చెయ్యగలదు? కన్నపేగును కాగితంతో ముడేస్తారా?"

స్వామి నవ్వి, ఓబుళమ్మ సంగతి చెప్పారు.

మొగుడు పోయాక ఓబుళమ్మ, మూడేళ్ళ కూతురు భువనను చెల్లెలు సుబ్బరత్న ఒడిలో పెట్టి, కువైట్‌లో ఇంటిపనికి పోయింది. శుక్రవారం ఆ ఇంటివాళ్ళు మసీదుకు వెళ్ళిన అరగంటే ఆమెకు ఫోను చేసుకునే వీలు. అదీ ముఖం చూపని చిన్న ఫోను. ఇక్కడ మనకేమో ఆ అరగంట బడివేళ.

పిల్లను బడిలో చేర్చేనాడు పెద్ద టీచరు వరదమ్మ, "మీ అమ్మ పేరేంది పాపా?" అని అడిగింది.

"కువైట్."

పిల్లలు గొల్లున నవ్వారు.

"మరి మీ చిన్నమ్మ పేరు?"

"అమ్మ."

సుబ్బరత్న తల దించుకుంది. వరదమ్మ ఆ శుక్రవారం నుంచే, తల్లి ఫోను చేసే వేళకు భువనను తన గదిలోకి పిలిచి తన ఫోను చేతికిచ్చేది. తనిఖీకి వచ్చిన అధికారి ఒకనాడు అది చూసి, "పాఠాలప్పుడు ఫోనేందమ్మా? ఏ రూల్లో ఉంది?" అన్నాడు.

"ఏ రూల్లోనూ లేదు సార్. అందుకే మీరు రాసిపోండి. ఇట్లాంటోళ్ళు మా బడిలో పదకొండు మంది ఉండారు."

ఆయన చాలాసేపు కలం మూత తిప్పుతూ కూర్చుని, తల్లో తండ్రో పరదేశంలో ఉన్న పిల్లలకు శుక్రవారం అరగంట ఫోను అని తనిఖీ పుస్తకంలో రాసి, సంతకం పెట్టి పోయాడు.

ఐదేళ్ళకు ఓబుళమ్మ తిరిగొచ్చింది. గడపలో నిలబడ్డ మనిషిని చూసి భువన చిన్నమ్మ చీర వెనక దాక్కుంది. ఓబుళమ్మ చాచిన చేతులు దించుకుని, మెల్లగా, "మొన్న శుక్రవారం ఫోన్లో పదమూడో ఎక్కం సగంలో ఆపేస్తివే, మిగతాది ఎవురికి అప్పజెప్తావు?" అంది.

చీర పక్కనుంచి ఒక కన్ను తొంగిచూసింది. తర్వాత చీర వెనకనుంచి సన్నగా, "పదమూడు ఏళ్ళు తొంభై ఒకటి..." వినిపించింది. ఒక్కో మాటకు ఒక్కో అడుగు వేస్తూ, నూట నాలుగు దగ్గర పిల్ల తల్లి ఒడిలో పడింది.

ఓబుళమ్మ వంగి చెల్లెలి కాళ్ళు పట్టుకోబోయింది. "అయ్యో అక్కా! పెద్దదానివి, నువ్వు మొక్కితే నా ఆయుస్సు తరిగిపోతాది!" అని సుబ్బరత్న ఏడుస్తూ నవ్వుతూ వెనక్కి దూకింది.

ఓంకారయ్య కళ్ళు తుడుచుకున్నాడు. "ఆ అధికారికి ఇదంతా తెలుసునా స్వామీ?"

"తెలీదు నాయనా. ఓబుళమ్మకూ ఆయన పేరు తెలీదు. సందెదీపం పెట్టేటప్పుడు, 'ఆ సంతకం చేసిన చెయ్యి చల్లగుండాల' అని మొక్కుకుంటాది, అంతే."