గోడకేసి తిరిగిన రాయి

మబ్బులమెట్ట అనే కొండ ఊరి బడిలో గవరయ్య అనే మాస్టారు ఉండేవాడు. మనిషి మంచివాడే గానీ, మధ్యలో ఒక గీత గీయనిదే ఏ పనీ చేయలేని చాదస్తం ఆయనది. కంచంలో అన్నం ఒక పక్క, కూర ఒక పక్క ఉండాలి. రెండూ కలిస్తే ముద్ద దిగేది కాదు. మరి ఎలా తినేవాడో నాకైతే ఇప్పటికీ అర్థం కాదు.

ఆ బడికి ఒకటే గది, ఒకటే నల్లబల్ల, ఒక్కరే మాస్టారు. చిన్న ఊరు కదా, పిల్లలు మొత్తం పదకొండు మంది. ఏడుగురు రెండో తరగతి, నలుగురు నాలుగో తరగతి. ఒకే గదిలో రెండు తరగతులకీ పాఠం చెప్పాలి. "ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు" అంటూ మాస్టారు మొదటి రోజే గది మధ్యన నేల మీద సుద్దతో గీత గీశాడు. నల్లబల్ల మీద కూడా నిలువుగా గీత. అటు రెండో తరగతి, ఇటు నాలుగో తరగతి. రెండో తరగతికి పాఠం చెబుతున్నంతసేపూ నాలుగో తరగతి చూచిరాత రాసుకోవాలి. నాలుగో తరగతికి చెబుతుంటే రెండో తరగతి ఎక్కాలు రాసుకోవాలి. పక్కవాళ్ల పాఠం చూడకూడదు, వినకూడదు.

"కళ్లు మూసుకోవచ్చు గానీ, చెవులు ఎలా మూసుకుంటామండీ?" అని ఒక చిన్నది అడిగింది.

"మనసు పెడితే అవే మూసుకుంటాయి" అన్నాడు మాస్టారు. చెప్పాను కదా, చాదస్తం.

నాలుగో తరగతిలో పైడితల్లి అనే పిల్ల ఉండేది. రెండో తరగతి చదవాల్సిన ఏడాదంతా చలిజ్వరంతో మంచం మీదే ఉంది పాపం. లేచేసరికి తోటివాళ్లు పై తరగతికి వెళ్లిపోయారు. వయసు చూసి ఆ పిల్లనీ వాళ్ల పక్కనే కూర్చోబెట్టారు. మధ్యలో ఒక మెట్టు లేదు, పైమెట్టు ఎలా ఎక్కుతుంది? లెక్క ఇస్తే దిక్కులు చూసేది. తండ్రి జోగయ్య ఖరాఖండీగా చెప్పేశాడు, ఈ ఏడు కూడా లెక్కలు రాకపోతే బడి మానిపించి మేకల వెంట పంపిస్తానని. పైడితల్లికి మేకలంటే ఇష్టమే. కానీ బడి అంటే ప్రాణం.

ఒకరోజు మాస్టారు రెండో తరగతికి తీసివేత చెబుతున్నాడు. యాభై రెండులోంచి పదిహేడు తీసేయాలి.

"ఒకట్ల ఇంట్లో రెండే ఉన్నాయి. ఏడు ఇమ్మంటే ఎక్కణ్ణించి ఇస్తుంది? పక్కనున్న పదుల ఇంటికి వెళ్లి ఒక పది అడగాలి" అన్నాడు.

గీతకి ఇవతల చూచిరాత రాస్తున్న పైడితల్లి చెయ్యి ఆగిపోయింది. ఇన్నాళ్లూ తనకి దొరకనిది ఇదేనని ఆ పిల్లకి తెలిసిపోయింది. తల తిప్పి, నోరు తెరుచుకుని వింటోంది. మాస్టారు చూడనే చూశాడు.

"నీదే తరగతి?"

"నాలుగండి."

"మరి చెవి రెండులో పెట్టావేం? చిన్నపిల్లల పాఠం వినడానికి సిగ్గులేదూ?"

వెంటనే గోడకేసి తిప్పి కూర్చోబెట్టాడు. ఆ పూటతో ఆగలేదు. రెండో తరగతి పాఠం మొదలైనప్పుడల్లా ఆ పిల్ల గోడకేసి తిరగాలన్నాడు. మూడు రోజులు తిరిగింది. నాలుగో రోజు బడికి రాలేదు. మాస్టారు హాజరుపట్టీలో ఆమె పేరుకి ఎదురుగా స్కేలు పెట్టి మరీ గీత కొట్టాడు.

పది రోజులు గడిచాయి. ఒక పొద్దున కొండంతా మంచు కమ్మింది. కింది ఊళ్లో అద్దెకుండే మాస్టారు రోజూలాగే బడికి ఎక్కుతున్నాడు. కాసేపటికి దారి కనిపించలేదు. ఇంకాసేపటికి తన చెప్పులే తనకి కనిపించలేదు. ఎక్కడో మేకల మెడగంటలు మోగుతున్నాయి, ఏ వైపో తెలియడం లేదు. నేల ఎక్కడ అయిపోయిందో, ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. అంతా తెల్లగా, మెత్తగా, నిద్రలో నడుస్తున్నట్టుంది. గీతలు లేనిదే బతకలేని మనిషికి చుట్టుపక్కల ఒక్క గీతా లేదు. చిత్రం ఏమిటంటే, ఆయనకి భయం వేయలేదు. హాయిగా ఉంది.

అప్పుడు మంచులోంచి ఒక గొంతు వినిపించింది.

"రెండో తరగతీ, ఇటు చూడండి. నాలుగో తరగతీ, చూచిరాత రాసుకోండి."

బడి వచ్చేసిందనుకున్నాడు మాస్టారు. నాకంటే ముందు నా బడిలో పాఠం చెబుతున్నది ఎవరబ్బా అనుకుంటూ గొంతు వైపు నడిచాడు.

"ఒకట్ల ఇంట్లో రెండే ఉన్నాయి. ఏడు ఇమ్మంటే ఎక్కణ్ణించి ఇస్తుంది? పక్కనున్న పదుల ఇంటికి వెళ్లి ఒక పది అడగాలి."

గొంతు ఆగింది. గంటలు కాసేపు మోగాయి. గొంతు మళ్లీ మొదటినుంచి అందుకుంది. మళ్లీ అక్కడికే వచ్చి ఆగింది. మూడోసారీ అంతే.

మంచు కొంచెం పలచబడింది. ఒక పెద్ద బండ కింద, గోనెపట్టా కప్పుకుని పైడితల్లి కూర్చుని ఉంది. చుట్టూ మేకలు. ఎదురుగా రెండు వరసల్లో రాళ్లు, ఏడు చిన్నవి, నాలుగు పెద్దవి. ప్రతి రాయికీ బొగ్గుతో కళ్లు పెట్టింది. పెద్దవాటిలో ఒక రాయిని మాత్రం బండకేసి తిప్పి పెట్టింది.

మాస్టారు వెళ్లి పక్కన కూర్చున్నాడు. పైడితల్లి బెదరలేదు. ఆ మంచులో ఆయన కలలోకి వచ్చినట్టే వచ్చాడనుకుంది.

"ఆ రాయిని అటు తిప్పావేం?" అని అడిగాడు మాస్టారు.

"అది నాలుగో తరగతండి. రెండో తరగతి పాఠం వింటోంది."

"వింటే ఏమైంది?"

"సిగ్గులేనిదండి" అంది పైడితల్లి.

మాస్టారికి ఏడుపొచ్చింది. కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత, "పాఠం ఎప్పుడూ అక్కడే ఆపేస్తున్నావేం?" అన్నాడు.

"అక్కడిదాకానే విన్నానండి. పది అడిగాక వాళ్లు ఇస్తారో ఇవ్వరో నాకు తెలీదు."

"ఇస్తారు తల్లీ. ఎందుకివ్వరు?" అంటూ మాస్టారు బండకేసి ఉన్న రాయిని తీసి ఇటు తిప్పాడు. "రెండుకి పది కలిస్తే పన్నెండు. అందులో ఏడు తీసెయ్యి."

"అయిదండి."

"పదుల ఇంట్లో అయిదు ఉండేవి. ఒకటి ఇచ్చేశారు. మిగిలినవాటిలోంచి ఒకటి తీసెయ్యి."

పైడితల్లి వేళ్లు మడిచింది. "మూడు. అయితే ముప్పై అయిదండి" అంది. అని తనే నమ్మలేక మళ్లీ మొదటినుంచి చేసి చూసుకుంది. ముప్పై అయిదే వచ్చింది.

ఇద్దరూ కలిసి జోగయ్య దగ్గరికి వెళ్లారు. పిల్లని మళ్లీ బడికి పంపమని మాస్టారు అడిగాడు. జోగయ్య తాడు పేనుతూ తలైనా ఎత్తలేదు.

"గోడకేసి సూత్తూ కూకోడానికి అంత దూరం ఎందుకు బాబూ? ఇక్కడైతే మేకలకేసి సూత్తూ కూకుంటాది" అన్నాడు.

పిల్ల మొద్దని ఒక్క మాట అంటే మాస్టారి పరువు నిలబడేది. ఆయన ఆ మాట అనలేదు. "తప్పు పిల్లది కాదు జోగయ్యా, నాది. జ్వరంలో పోయిన పాఠాన్ని తనే వెతుక్కుంటోంది. నేను దొంగని పట్టుకున్నట్టు పట్టుకున్నాను" అన్నాడు, పిల్ల ఎదుటే.

జోగయ్య అప్పుడు తలెత్తాడు. మాస్టారి ముఖంలోకి చూశాడు. తర్వాత కూతురి భుజం మీది గోనెపట్టా తీసి తన భుజాన వేసుకున్నాడు. "నువ్వెళ్లు. మేకల్ని నేను సూసుకుంటా" అన్నాడు.

ఆ రోజు నుంచి పైడితల్లి పొద్దున రెండో తరగతి పిల్లల మధ్య, మధ్యాహ్నం నాలుగో తరగతిలో కూర్చునేది. ఎవరైనా నవ్వబోతే మాస్టారు ఊరుకునేవాడు కాదు. తాను కూడా ఆ పిల్ల దగ్గర ఒక పాఠం నేర్చుకున్నానని చెప్పేవాడు. పరీక్షలయ్యేనాటికి పైడితల్లికి నాలుగో తరగతి లెక్కలన్నీ వచ్చేశాయి.

పిల్లలూ, తెలియనిదాన్ని నేర్చుకోవడానికి వెనక్కి వెళ్లడంలో సిగ్గు లేదు. అలా నేర్చుకునేవాళ్లని సిగ్గుపడేలా చేయడమే అసలైన సిగ్గుమాలిన పని.