పాలకేంద్రంలో ఆగిపోయిన గొంతు

చింతలమెరకలో గవరయ్య అనే రిపేరు మేస్త్రీ ఉండేవాడు. పనిలో దిట్టే కాని, ఒకసారి చూసుకుని చెయ్యమంటే అతనికి తలకొట్టేసినట్టుండేది. ఫ్యాను బిగించాక రెండు మరలు మిగిలితే, కంపెనీవాళ్ళు ఎక్కువిచ్చారనేవాడు. ఊరు నమ్మేది. మా ఊరు దేన్నైనా నమ్ముతుంది.

ఊరి పాలకేంద్రంలో పాలను పరీక్షించే యంత్రం ఒకటుండేది. పాలు పోయగానే వెన్న ఎంతో పైకి చెప్పేది. ఆ గొంతు సూరాయమ్మ కూతురు పైడితల్లిది. చదువురానివాళ్ళకు తెలియాలని, గుమస్తా సింహాద్రి ఆ పిల్ల చేత అంకెలు చెప్పించి, యంత్రంలోని చిన్న బోర్డులో ఎక్కించాడు. మరుసటి ఏడాది పైడితల్లి జ్వరంతో పోయింది. గొంతు మిగిలింది.

తల్లి సూరాయమ్మ రోజూ పాలు తెచ్చేది.

"వెన్న ఆరు. గిన్నె తీసుకోండి" అనేది యంత్రం.

"తీసుకున్నానమ్మా" అనేది సూరాయమ్మ.

గేదె వట్టిపోయాక కూడా పక్కింట్లో గ్లాసుడు పాలు అడిగి తెచ్చేది. "ఈవిడ పాలకు రాదు, కబుర్లకొస్తుంది" అని వరసలోవాళ్ళు నవ్వేవారు. నవ్వినవాళ్ళే జరిగి ఆమెకు దారి ఇచ్చేవారు.

ఒక ఉదయం యంత్రం "గిన్నె, గిన్నె, గిన్నె" అంటూ ఆగిపోయింది. గవరయ్య తన డీబగ్గర్ తెచ్చాడు. చిప్పులో తప్పెక్కడుందో చూపే అగ్గిపెట్టెంత సాధనమది. గొంతున్న బోర్డును దానికి పట్టీ తీగతో తగిలించాలి. ముందు కరెంటు ఆపాలి. తీగకున్న ఎర్ర అంచు, బోర్డు మీద చుక్క ఉన్న వైపుకే రావాలి. ఇదంతా డబ్బాలో వచ్చిన కాగితంలో ఉంది. ఆ కాగితంలో గవరయ్య ఎప్పుడో పకోడీలు తిన్నాడు.

"మేస్త్రీ, గొంతుకు వేరే కాపీ లేదు. జాగ్రత్త" అన్నాడు సింహాద్రి.

"నాకు చెప్తావా?"

సూరాయమ్మ మెల్లగా దగ్గరకొచ్చింది. "బాబూ, ఇందాక నువ్వు యంత్రం తీగ ఊడదీసినప్పుడు దాని ఎర్ర గీత చుక్క పక్కనుంది. ఈ తీగది అటు పక్కనుంది."

"పిన్నీ, నువ్వు గేదెను చూసుకో. చుక్కలు నేను చూసుకుంటా."

"గేదె వట్టిపోయింది నాయనా. నాకు చూసుకోవడానికి ఇదే ఉంది."

వరసలో ఎవరూ నవ్వలేదు. గవరయ్య కరెంటు ఆపకుండానే, తీగను ఆ తప్పు వైపుకే నొక్కాడు. టప్‌మని చిన్న చప్పుడు. దారమంత పొగ లేచింది.

"ఏమైంది బాబూ?"

గవరయ్య తీగ పీకి, చుక్క వైపు చూశాడు. ఆ ఉదయం అతను దాన్ని చూడడం అదే మొదటిసారి.

"కొత్త గొంతు తెప్పిస్తాను పిన్నీ. ఇంకా బాగుంటుంది" అన్నాడు.

వారంలో పట్నం నుంచి కొత్త బోర్డు వచ్చింది. గొంతు నిజంగానే బాగుంది. ఒక్క అక్షరం తడబడదు. సూరాయమ్మ గ్లాసు పాలు పోసి చెవి ఒగ్గింది. "వెన్న ఆరు. గిన్నె తీసుకోండి" అంది ఎవరో అమ్మాయి. సూరాయమ్మ బదులు చెప్పలేదు. గ్లాసు తీసుకుని వెళ్ళింది. మళ్ళీ పాలకేంద్రానికి రాలేదు.

గవరయ్య ఇప్పుడు టార్చిలైటు విప్పాలన్నా రెండుసార్లు చూసుకుంటాడు. అతని చేతిలో ఇప్పుడేదీ కాలడం లేదు. కాలినది మాత్రం బాగుపడలేదు.

నీతి: ఎంత పనివాడైనా చెయ్యి పెట్టేముందు చూసుకోవాలి, చెప్పినవారి మాట వినాలి, మన ధీమా వల్ల పోయేది ఎదుటివారికి ఉన్న ఒకే ఒక్కటి కావచ్చు.