తెప్ప మీద మనిషుండగా అనకూడని మాట

అనగనగా సముద్రం ఒడ్డున ఒక పట్నం ఉండేది. ఉండేదంటే ఇప్పుడూ ఉందిలే తల్లీ, కానీ నిన్న చూసిన వీధి ఇవాళ వెళ్తే వేరే మొహం పెట్టుకుని కూర్చునే పట్నం అది. కాళ్ళు దుప్పట్లోకి లాక్కో. ఇది కాస్త భయం కథ.

ఆ పట్నంలో ఒక జనపనార మిల్లు ఉండేది. ఆ మిల్లుకి పేద్ద చిమ్నీ. మిల్లు మూతపడ్డాక చిమ్నీని కూలగొట్టి అక్కడ అపార్ట్‌మెంటు కట్టారు. మిల్లు పక్కన సరుగుడు తోట ఉండేది. ఆ తర్వాత దాన్నీ నరికేసి వెడల్పాటి రోడ్డు వేశారు. తోటకి దిగువన ఇసక మీద జాలరిపేట ఉండేది. ఆ తర్వాత పేటనీ లేపేసి, జనాన్ని కొండ వెనక్కి పంపేసి, అక్కడ పార్కు పెట్టారు. పార్కులో పిల్లలు జారడానికి ఓ సిమెంటు తిమింగలం కూడా కట్టారు.

ఇన్ని మారాయి కదా, మరి మనుషుల నోళ్ళు మారాలా వద్దా? మారలేదు. బస్సు కండక్టరు అపార్ట్‌మెంటు ముందు ఆగి "చిమ్నీ, చిమ్నీ" అని కేకేసేవాడు. ఎర్రటి ఎండలో రోడ్డు మధ్యన నిలబడి "తోటలో ఉన్నాను, వచ్చెయ్" అని ఫోన్లో చెప్పేవాళ్ళు. సాయంత్రమైతే ముసలాళ్ళంతా సముద్రం గట్టు మీద వరసగా కూర్చుని, మిల్లు ఇక్కడ, పేట అక్కడ అని వేలు పెట్టి చూపించుకునేవారు. దీపాలు పెట్టే వేళకి పాత పట్నం మొత్తం నోటితోనే మళ్ళీ కట్టేసి, దులుపుకుని ఇళ్ళకి పోయేవారు.

దానికి కారణం ఉంది. జాలర్లకి ఒక పట్టింపు. తెప్ప మీద మనిషి సముద్రంలో ఉన్నంతసేపూ ఒడ్డున ఎవరూ 'లేదు' అనకూడదు. ఉప్పు అయిపోతే 'నిండుకుంది' అనాలి. మనిషి ఇంట్లో కనపడకపోతే 'వస్తాడు' అనాలి. లేదు అన్నామో, సముద్రం ఆ మాట పట్టుకుని తెప్ప మీద మనిషిని కూడా లేకుండా చేసేస్తుందట. వాళ్ళ దగ్గర చేపలు కొనీ కొనీ పట్నం మొత్తానికీ ఆ పట్టింపు అంటుకుంది. అందుకని చిమ్నీ కూలినా, తోట పోయినా, పేట లేచిపోయినా, ఆ సంగతి సముద్రానికి ఒక్కరూ చెప్పలేదు.

ఆ కొండ వెనక ఇళ్ళల్లో నూకరత్నం అని ఒకామె ఉండేది. గంపలో చేపలు పెట్టుకుని వీధివీధీ తిరిగి అమ్మేది. నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. ఆమె మొగుడు పోలిరాజు. ఒంటరిగా తెప్ప మీద వేటకి వెళ్ళేవాడు. పోలిరాజు తల్లి కొండమ్మ, పేట లేపేసిన ఏడాదే కాలం చేసింది. మీసాలొచ్చాక కూడా తల్లి చేతి ముద్ద తిన్న మనిషి పోలిరాజు. ఆవిడ పోయాక అతను తిండి దగ్గర కూర్చునేవాడే కానీ, తిన్నది ఒంటికి పట్టేది కాదు. పెళ్ళాం ఏం వండినా కంచం కేసి కాక గుమ్మం కేసి చూసేవాడు.

అప్పుడు ఒకరోజు పోలిరాజు వేట నుంచి వచ్చి, వల కింద పడేసి అన్నాడు. "రత్నం, ఇయ్యాల సముద్రం మీంచి చిమ్నీ కనపడ్డాది."

"ఏటి మావా, ఎండదెబ్బ తగిలినాదా" అని నూకరత్నం నవ్వింది. అతని మొహం తుడుద్దామని తడిగుడ్డ పెట్టింది. గుడ్డకి నల్లటి మసి అంటింది. మిల్లు పొగ మసి. ఆ మిల్లు పొగ వదిలి ఎన్నేళ్ళయిందో.

మర్నాడు వెళ్ళొచ్చి, "తోట కనపడ్డాది. గాలికి ఈల ఏస్తంది" అన్నాడు. ఈసారి నూకరత్నం నవ్వలేదు. వల విదిలించి చూస్తే, చేపల మధ్యన పచ్చటి సరుగుడు ఆకులు, సూదుల్లా గుచ్చుకుని ఉన్నాయి. అప్పుడే రాలినట్టు జిగురు కారుతున్నాయి.

మూడో రోజు వచ్చి, వల భుజం మీంచి దించకుండానే గుమ్మంలో కూర్చున్నాడు. మెల్లిగా చెప్పాడు. "పేట కనపడ్డాది. మన గుమ్మంలో అమ్మ నిలబడ్డాది. నుదుటి మీద సెయ్యెట్టుకుని నా తెప్పకేసే సూస్తంది. మావిడికాయేసి సేపలకూర వండినట్టుంది. వాసన అంత దూరం వచ్చినాది."

"నువ్వు ఆ ఒడ్డుకి ఎల్లకు మావా" అంది నూకరత్నం.

"ఎల్లను" అన్నాడు. అన్నాడే కానీ, ఆమె కళ్ళలోకి చూడలేదు.

మర్నాడు ఆమె లేచేసరికే తెప్ప వెళ్ళిపోయింది. మధ్యాహ్నం అందరి తెప్పలూ తిరిగొచ్చాయి. పోలిరాజుది రాలేదు. నూకరత్నం ఒక్కొక్కరినీ అడిగింది. వాళ్ళు మొహాలు చూసుకున్నారు. "మాకు ముందే ఉన్నాడమ్మా. ఒడ్డుకేసే వస్తన్నాడు. మా కళ్ళెదురుగానే తెడ్డేస్తన్నాడు. మేం ఒడ్డుకొచ్చినాం. సూస్తే మా ముందు ఎవులూ..." అని, ఆ చివరి మాట మింగేశారు.

నూకరత్నానికి అర్థమైపోయింది. ఆమె మొగుడు ఒడ్డుకే వచ్చాడు. కానీ ఈ ఒడ్డుకి కాదు.

ఆమె పార్కుకి పరిగెత్తింది. పేట ఉన్న చోటది, అత్తారిల్లు ఎక్కడుండేదో ఆమెకి కళ్ళు మూసుకున్నా తెలుసు. సరిగ్గా ఆ సిమెంటు తిమింగలం ఉన్న చోట. పిల్లలు దాని వీపు మీంచి జారుతూ ఆడుకుంటున్నారు. నూకరత్నం అక్కడ నిలబడింది. అప్పుడు ముక్కుకి మామిడికాయ చేపలకూర వాసన తగిలింది. ఆ తర్వాత కంచం చప్పుడు వినపడింది. ఆ తర్వాత, ఆమె పక్కనే, మూరెడు దూరంలో, పోలిరాజు దగ్గాడు.

చెయ్యి చాపింది. చేతికి ఎండ తప్ప ఏమీ తగల్లేదు. "మావా" అని పిలిచింది. దగ్గు ఆగిపోయింది కానీ పలుకు రాలేదు. ఓ పిల్లాడు తిమింగలం మీంచి సర్రున జారి, ఆ ఇంటి పొయ్యి ఉండే చోట కూలబడి కిలకిలా నవ్వాడు.

చనిపోయినవాళ్ళు పెట్టిన అన్నం తింటే మనిషి తిరిగిరాడని నూకరత్నానికి తెలుసు. తిన్నాడో, ఇంకా తినలేదో తెలియదు. అప్పుడామె గట్టు మీది ముసలాళ్ళ దగ్గరికి పరిగెత్తింది. "ఆ ఒడ్డు మీ మాటల మీద నిలబడ్డాది బాబూ. అయ్యన్నీ పోయినాయని సముద్రానికి సెప్పండి. ఒడ్డు పోతాది, నా మొగుడి తెప్ప బయటపడతాది" అని బతిమాలింది.

వాళ్ళల్లో సన్యాసినాయుడని, జీవితమంతా మిల్లు గేటు కాపలా కాసిన ఆయన ఉన్నాడు. ఆయన తల దించుకున్నాడు. "చిమ్నీ పడగొట్టిన రోజు నేను ఇంట్లోంచి బయటికి రాలేదమ్మా. నేను చూడలేదు కాబట్టి నాకది నిలబడే ఉంది. నా నోటితో మాత్రం ఆ మాట అనిపించకు."

పక్కనున్న ముసలామె బుగ్గలు నొక్కుకుంది. "మొగుణ్ణి తెప్ప మీద పెట్టుకుని ఆ మాటెలా అంటావే? ఒడ్డుతో పాటు అతనూ పోతే?"

నూకరత్నం భయం కూడా అదే. అంటే మొగుడు పోవచ్చు. అనకపోతే పోయినట్టే. ఎవరూ నోరు విప్పరని తేలిపోయాక, ఆమె ఒక్కతే నీళ్ళ అంచుకి వెళ్ళింది. పొద్దు కొండ వెనక్కి వాలుతోంది.

"చిమ్నీ లేదు" అంది. "నా కళ్ళ ముందే కూలగొట్టినారు. లేదు."

అప్పుడు కెరటాలు ఆగిపోయాయి. అంత సముద్రమూ నోరు మూసుకుని ఆమె మాట విన్నది. వెనకాల గట్టు మీద సన్యాసినాయుడు మెల్లిగా మూలిగాడు.

"తోట లేదు. ఆ కట్టెలు మేవే పొయ్యిల్లో ఎట్టుకున్నాం. లేదు."

అప్పుడు ఎక్కడి నుంచో వినపడుతున్న సరుగుడు ఈల పుటుక్కున తెగిపోయింది. అంతసేపూ అది వినపడుతోందని ఎవరికీ తెలియలేదు, ఆగాకే తెలిసింది. నీళ్ళు ఆమె పాదాల దగ్గరికి పాకి, మూడో మాట కోసం కాచుకున్నాయి.

మూడోది అనడానికి నూకరత్నానికి నాలుక తిరగలేదు. కొండమ్మ అత్తే కానీ, కన్నతల్లి కన్నా ఎక్కువగా చూసింది. పెళ్ళైన కొత్తలో, వేట లేని రోజుల్లో, ఉన్న గుప్పెడన్నమూ కోడలికి పెట్టి తను గంజి తాగి పడుకున్న మనిషి. అలాంటి మనిషిని లేదని ఎలా అనడం? కళ్ళు మూసుకుంది.

"పేట లేదు. అత్త లేదు. నేనే నీళ్ళోసి సాగనంపినాను. అత్త లేదు." ఆగితే సముద్రం ఇంకో పేరు లాక్కుంటుందని, ఊపిరి తీసుకోకుండా అనేసింది. "మావ ఉన్నాడు. మావ ఉన్నాడు."

చాలాసేపు ఏమీ జరగలేదు. ఆ తర్వాత ఒక కెరటం లేచింది. అది విరిగి వెనక్కి వెళ్తే, తడి ఇసక మీద తెప్ప ఉంది. తెప్ప మీద పోలిరాజు ఉన్నాడు. మోకాళ్ళ మీద తల పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు.

నూకరత్నం వెళ్ళి అతని పెదాలు, గడ్డం, చేతివేళ్ళు అన్నీ తడిమి చూసింది. మెతుకు ఆనవాలు లేదు. "తిన్నావా మావా? నిజం సెప్పు."

"పెట్టనేదు రత్నం" అన్నాడు పోలిరాజు ఎక్కిళ్ళ మధ్యన. "పొద్దున్నుంచీ కలుపుతానే ఉంది. ముద్ద సేస్తాది, నోటికాడికి తెస్తాది, మళ్ళీ కంచంలో ఏసి కలుపుతాది. ఆకలేస్తందమ్మా అన్నాను. సల్లారనేదు, ఆగు అంది. గుమ్మం కేసి సూస్తానే ఉంది. ఆఖరికి నీ గొంతు వినపడ్డాది. అప్పుడు అమ్మ సెయ్యి కడిగేసుకుంది. 'హమ్మయ్య, అనేసింది' అంది. ఆ తర్వాత అక్కడ ఏమీ కనపడనేదు."

ఏమంటావు తల్లీ? కొండమ్మవ్వ ఎందుకు పెట్టలేదంటావా? కొడుకు వస్తాడని ఎన్నాళ్ళ నుంచో ఎదురుచూసిందే, వస్తే కడుపు నిండా పెట్టాలనే అనుకుందే. కానీ ఒక్క ముద్ద పెట్టిందా, కొడుకు ఇక తనతోనే ఉండిపోతాడు. అందుకని రోజంతా ఉత్తుత్తినే అన్నం కలుపుతూ, తనని లేదనడానికి కోడలెప్పుడొస్తుందా అని చూస్తూ కూర్చుంది.

నూకరత్నం గట్టు మీద ఆగకుండా మొగుణ్ణి ఇంటికి తీసుకెళ్ళింది. వేడన్నం వార్చి, తన చేత్తో కలిపి, ముద్ద చేసి నోట్లో పెట్టింది. అతను నమిలి మింగాడు. ఇంకో ముద్ద పెట్టింది. కంచం ఖాళీ అయ్యేదాకా పెట్టింది. అప్పుడు చెయ్యి కడుక్కోకుండా, ఆ ఎంగిలి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, అత్త కోసం తెల్లారేదాకా ఏడ్చింది.

చిమ్నీ పొగ చెదిరిపోయె,
తోట ఈల నిదరపోయె,
పేట వాసన తేలిపోయె,
తెప్ప ఒకటి ఒడ్డు చేరె,
కథ నడిచి కంచి చేరె,
కళ్ళు మూస్తే ఇల్లు చేరె.