పాటకు సగం కూలి

నమ్మకం లేనివాళ్ళు ఇప్పుడే లేచి వెళ్ళిపోండి. విన్నాక నన్ను అనుమానిస్తే ఒప్పుకోను.

కూలివాడికి రోజుకు కుంచెడు జొన్నలకు తక్కువ ఇవ్వకూడదని రాజుగారు శాసనం వేయించారు. దివాను వీరభూపతి దానికో మినహాయింపు తగిలించాడు: పాడుతూ పనిచేసేవాళ్ళకు సగమే, పాట వినోదం గనక. నాట్లు వేసినా, వడ్లు దంచినా, పల్లకీ మోసినా పాడకుండా పనిచేసే కూలి ఆ రాజ్యంలో ఎక్కడున్నాడు?

దివాను పల్లకీ మోసే బోయీ జోగులు తెచ్చే సగం కుంచం పిల్లలకే చాలేది కాదు. బాలింత భార్య గంజికుండ కడిగి ఆ నీళ్ళు తాగేది. అది చూడలేక ఓ పొద్దున తోటి బోయీలతో, "ఇవాళ నోరు మూసుకుని మోద్దాం," అన్నాడు.

పాట లేక అడుగులు కలవలేదు. పల్లకీ ఊగిన ఊపుకి దివానుగారి తలపాగా ఒక ఊళ్ళో, చెప్పులు ఇంకో ఊళ్ళో పడ్డాయి.

"పాడి చావండిరా," అన్నాడు దివాను నడుం పట్టుకుని.

"పస్తులతో వినోదం ఎక్కడ దొరా?"

"అయితే పాట కూడా పనేనంటావు."

"నేనెందుకంటాను బాబూ, తమ నడుమే అంటోంది."

మినహాయింపు అక్కడికక్కడే రద్దయింది. ఆ సాయంత్రం జోగులు ఇంటికి నిండు కుంచం వెళ్ళింది. భార్య కడుపునిండా తిని, నమ్మలేక ఏడ్చింది.

తెల్లవారగానే కొత్త చాటింపు: పని మధ్యలో మంచినీళ్ళు తాగేవాళ్ళకు సగమే.

జోగులు దానికీ ఓ విరుగుడు ఆలోచించబోయాడు. ఎండ మండుతోంది, గొంతు పిడచగట్టింది. కుండ ఎత్తి తాగేశాడు.

అబద్ధమనుకుంటే ఆ పల్లకీ వెనక కొమ్ము మోసిన సింహాద్రిని అడగండి. సగం కూలికే ఇంకా మోస్తున్నాడు.