ఏలూరుకీ గుడివాడకీ మధ్య పేజీ

ఎవరు ఏం అడిగినా పరాంకుశం గారు ముందు ఒక ఎదురు ప్రశ్న వేస్తారు: "ఈ అనుమానం నీ సొంతమా, ఎరువు తెచ్చుకున్నదా?" బాపట్లలో ఆయన అరుగు మీద ఆదివారం పొద్దున వేదాంతం వినడానికి చేరే మాకందరికీ ఇది అలవాటే. ఎరువు అనుమానాలకు ఆయన జవాబు చెప్పరు. తెచ్చినచోటే తిరిగి ఇచ్చేసి రమ్మంటారు. పోనీ, సొంతదైతే చెప్తారా అంటే అదీ లేదు. ఎక్కడో జరిగిన సంగతి ఒకటి చెప్పి, లేచి లోపలికి పోతారు. దాన్ని మేం ఇంటికి మోసుకెళ్ళి వారమంతా నమలాలి. ఈయనతో పెట్టుకోవడం కంటే గోడతో మాట్లాడుకోవడం నయమని నాకు కోపం వచ్చిన ఆదివారాలు ఉన్నాయి. అయినా వెళ్ళడం మానలేదు.

మా శ్రీహరి విద్యుత్ శాఖలో ఇంజనీరు. మీటరు వంక ఒకసారి చూసి ఆ ఇంట్లో దొంగ కరెంటు ఉందో లేదో చెప్పేస్తాడని పేరు. అనుమానించడం ఆయన ఉద్యోగం. ఆ ఆదివారం చేతిలో తన ఈ-రీడరు పట్టుకుని, ఇంట్లో దొంగను పట్టినవాడిలా వచ్చాడు. మేం చదువుకునే గ్రంథాలన్నీ ఆ పలకలోనే ఎక్కించుకున్నాడు లెండి.

"గురువుగారూ, పొద్దున లేచేసరికి ఇది మారిపోయి ఉందండీ. అప్‌డేట్ అట. నేనేమీ అడగలేదు. అక్షరాలు ఎంత కావాలంటే అంత పెద్దవవుతాయట. వరుసల మధ్య ఎడం పెంచుకోవచ్చట. కళ్ళు మండకుండా పేజీ రంగు మార్చుకోవచ్చట. నోటితో ఒక మాట చెప్తే పుస్తకమంతా గాలించి అదెక్కడుందో చూపిస్తుందట. ఇవన్నీ చాలవన్నట్టు, ఇకమీదట నేను చదవక్కర్లేదు, అదే చదివి వినిపిస్తుందట. అడగనిదే అమ్మైనా పెట్టదంటారే, ఇది అడక్కుండానే ఇన్ని వడ్డిస్తోంది! చదివేటప్పుడు ఒక మాట మింగినా, ఒక మాట కలిపినా వినేవాడికేం తెలుస్తుంది? దీన్ని నమ్మొచ్చంటారా?"

"సొంతమేనా?" అన్నారు పరాంకుశం గారు.

"సొంతమేనండీ."

ఆయన పలకను అందుకుని, వెనక్కీ ముందుకీ తిప్పి చూసి, తిరిగి ఇచ్చేశారు. తర్వాత ఆయన చెప్పిన సంగతి ఇది.

కంట్లో శుక్లం తీయించుకున్న కొత్తలో ఆయన కొన్నాళ్ళు తెనాలిలో కూతురు వైదేహి ఇంట్లో ఉన్నారు. నల్లద్దాలు పెట్టుకుని వరండాలో కూర్చోవడం తప్ప వేరే పని లేదు. చదవకూడదు, రాయకూడదు. పక్క వాటాలో ఇద్దరు పెద్దవాళ్ళు ఉండేవారు. ఒకావిడ భ్రమరాంబ. నాటకాల్లో రాజు వేషాలు కట్టి పేరు తెచ్చుకున్న సాంబమూర్తి భార్య. రెండో ఆవిడ తాయారు, సాంబమూర్తి చెల్లెలు. చిన్న వయసులోనే భర్త పోతే అన్న పంచన చేరింది. అన్న నాటకాలకు ఆమే ప్రాంప్టరు. తెర పక్కన పుస్తకం పట్టుకుని నిలబడి, వేషగాడు మాట మరిచిపోతే జనానికి వినపడకుండా అందించడం ఆమె పని. ఒక్కోసారి పుస్తకంలో చూసుకునే వ్యవధి ఉండదు. అప్పుడు సందర్భానికి అతికే మాట ఏదో ఒకటి అప్పటికప్పుడు కల్పించి అందించేది. జనం చప్పట్లు కొట్టేవారు. సాంబమూర్తి కూడా పోయాక ఆమెకు వదిన ఇల్లు తప్ప మరో నీడ లేదు.

సాంబమూర్తి చివరి రోజుల్లో తన నాటకాల ముచ్చట్లన్నీ 'రంగు కడిగాక' అని పుస్తకంగా రాశాడు. ఆయన పోయాక ఊళ్ళో కళాసమితి వాళ్ళు దాన్ని అచ్చు వేయించలేదు. ఇదిగో ఇలాంటి పలకలో ఎక్కించి, సంస్మరణ సభలో శాలువా కప్పి భ్రమరాంబ చేతిలో పెట్టారు. రాతప్రతి ఏదయ్యా అంటే వెతుకుతున్నామన్నారు. ఇప్పటికీ వెతుకుతూనే ఉన్నారు. అప్పటికే షుగరు వల్ల భ్రమరాంబకు చూపు బాగా తగ్గిపోయింది. మొగుడి పుస్తకం ఒళ్ళో ఉంది, అక్షరం కనపడదు. అందుకని సాయంత్రం పూట తాయారు చదివి వినిపించేది, వరండా ఇవతల నల్లద్దాల వెనక మా గురువుగారూ వినేవారు.

ఆ పుస్తకంలో ఏలూరు నాటకం ఘట్టం ఒకటి ఉంది. కుంభవృష్టి. పందిరి కారిపోతోంది. రాజుగారి జరీ అంగీ తడిసి ముద్దయింది. ఎలాగో నాటకం ఆడారు, జనం వానలో తడుస్తూ నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత ఒక పేజీ వచ్చేది. తాయారు అది చదివేటప్పుడు గొంతు కొంచెం తగ్గించేది. 'ఆ జరీ అంగీని వంటపొయ్యి సెగన పట్టుకుని, చేతులు కమిలిపోతున్నా ఆరబెట్టి నాకు తొడిగింది నా భార్య భ్రమరాంబ. ఆనాటి చప్పట్లలో సగం ఆమెవి. ఆ మాట ఆమెతో చెప్పడం మరిచిపోయాను. ఇన్నేళ్ళూ మరిచిపోయే ఉన్నాను.' పుస్తకం మొత్తం మీద భార్య ప్రస్తావన అదొక్కటే. భ్రమరాంబ దాన్ని ఎన్నిసార్లు చదివించుకునేదో చెప్పలేం. కూర తరుగుతూ కూడా, "ఆ పేజీ ఇంకోసారి చదవ్వే తాయారూ" అనేది. కాపురం చేసినంత కాలం ఆయన నోట మంచిమాట ఎరగని మనిషి. ఆ పేజీ చదివించుకున్న పూట అన్నం ఇష్టంగా తినేది. వింటున్న గురువుగారికీ ఒకసారి కన్నీళ్ళొచ్చి, ఆపరేషన్ కన్ను తడపకూడదని కూతురి చేత చీవాట్లు తిన్నారట.

అలా ఉండగా ఆ పలకకూ అప్‌డేట్ వచ్చింది. అది కనిపెట్టింది వైదేహి. "పిన్నిగారూ, ఇక తాయారు పిన్నిగారి గొంతుకు శ్రమ లేదు, ఇదే చదువుతుంది" అని సంతోషంగా చెప్పింది. భ్రమరాంబ కూడా మురిసింది. తాయారు మాత్రం, "వద్దమ్మా, యంత్రాలు చదివితే పుస్తకం చదివినట్టుంటుందా? ఆ కొత్తది తీసేయి, పాతదే బాగుంది" అని పట్టుబట్టింది. వచ్చిన అప్‌డేట్ వెనక్కి పోదు పిన్నిగారూ అంది వైదేహి. తీసేయలేకపోతే పలకనే తిప్పి పంపేద్దామంది తాయారు. గొంతుకు శ్రమ తగ్గుతుందంటే ఇంత కంగారెందుకని మా గురువుగారికి అప్పుడే అనిపించిందట. కానీ అనుమానించవలసింది యంత్రాన్నే అనుకున్నారు. కొత్తగా వచ్చింది అదేగా మరి.

యంత్రం చదివింది. పేర్లు నానా రకాలుగా విరిచింది కానీ నత్తి లేదు, అలుపు లేదు. ఏలూరు వచ్చింది, వాన వచ్చింది, పందిరి కారింది, జనం చప్పట్లు కొట్టారు. భ్రమరాంబ పైట సర్దుకుని నిటారుగా కూర్చుంది. యంత్రం అదే గొంతుతో, "మర్నాడు గుడివాడ వెళ్ళాం. అక్కడ భోజనాలు బాగున్నాయి" అంది.

"ఆపండి దాన్ని! మింగేసింది!" అని అరిచింది భ్రమరాంబ. మళ్ళీ మొదటినుంచి చదివించారు. ఏలూరు, వాన, చప్పట్లు, గుడివాడ. ముందు ఆవిడ యంత్రాన్ని తిట్టింది. తర్వాత వైదేహి ఏదో నొక్కి ఆ పేజీ చెరిపేసిందంది. ఆ తర్వాత కళాసమితి కార్యదర్శి మీదికి పోయింది. పూర్వం రాజు వేషం దక్కలేదన్న కడుపుమంటతో, ఈ అప్‌డేట్ నెపం పెట్టుకుని ఆ పేజీ కత్తిరించాడట. "అవును వదినా, వాడు అంతపనీ చేస్తాడు" అని తాయారు వంత పాడింది. పాపం, ఆ కార్యదర్శికి ఫోనులో నంబరు నొక్కడమే సరిగ్గా రాదు. అయినా ఆ పూటకు అందరూ ఆయన్ని దొంగ అనుకున్నారు. మా గురువుగారూ అనుకున్నారు.

"మాస్టారూ, మీరు విన్నారుగా ఆ పేజీ?" అని భ్రమరాంబ గురువుగారిని సాక్ష్యం పిలిచింది. విన్నానమ్మా అన్నారాయన. దాంతో ఆవిడకు బలం వచ్చింది. అక్షరాలు ఎంత పెద్దవి చేయగలవో అంత చేయమంది. పలకంతా కలిపి రెండు మూడు మాటలే పట్టేంత చేసింది వైదేహి. భ్రమరాంబ దాన్ని ముక్కుకు ఆనించుకుని, కూడబలుక్కుంటూ, తనే చదివింది. కొట్టారు. మర్నాడు. గుడివాడ. వాటి మధ్య మరో మాట లేదు. చివరికి ఆవిడే, "మాట చెప్తే వెతుకుతుందన్నావుగా, నా పేరు వెతకమను" అంది. పలకను నోటి దగ్గర పెట్టుకుని, పెళ్ళిపీటల మీద చెప్పినట్టు, స్పష్టంగా తన పేరు చెప్పింది.

"భ్రమరాంబ. మీరు వెతికిన మాట ఈ పుస్తకంలో లేదు" అంది యంత్రం.

భ్రమరాంబ చూపు సరిగా లేని కళ్ళతో ఆడపడుచు వైపు తిరిగింది. "తాయారూ, ఆ పేజీ ఎక్కడుందే?" అని నెమ్మదిగా అడిగింది. తాయారు చేతులు చీరకు తుడుచుకుంది, తుడుచుకోవడానికి వాటికేమీ అంటకపోయినా.

"అన్నయ్య మాట మరిచిపోయాడు వదినా," అంది. "అందించాను."

భ్రమరాంబ లేచి గోడ పట్టుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది. ఆ పూట ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదు. మర్నాడు పొద్దున తాయారు బట్టలు సంచిలో సర్దుకుని, ఎక్కడికి వెళ్ళాలో తెలియక, ఆ సంచి పక్కనే గడప దగ్గర కూర్చుంది. వైదేహి వెళ్ళి రెండు ముద్దలు తినమని బతిమాలితే తల అడ్డంగా ఊపింది. వదిన పిలిచి తిట్టినా బాగుండునంది. లోపల భ్రమరాంబ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. మా గురువుగారికి ఇద్దరి మీదా జాలి వేసింది. సంతోషంగా అన్నం తింటున్న మనిషి కంచం లాగేశారని కూతురి మీద, ఆ పలక మీద కోపమూ వచ్చింది. ఆ కోపంలో న్యాయం లేదని తెలిసినా వచ్చిందట.

సాయంత్రం చదివే వేళకు భ్రమరాంబ వరండాలోకి వచ్చింది. వచ్చి తన కుర్చీలో కూర్చుంది. పలకను తడిమి తీసుకుని, గడప వైపు చాచింది.

"దీని గొంతు నాకు నచ్చలేదు. నువ్వే చదువు."

తాయారు అందుకుంది. "ఎక్కణ్ణుంచి వదినా?"

"ఏలూరు నుంచి."

తాయారు చదివింది. వాన వచ్చింది, పందిరి కారింది, చప్పట్లు వచ్చాయి. అక్కడికొచ్చి ఆగిపోయింది. పలక మీద తర్వాతి మాట గుడివాడ. అది చదవడానికి నోరు రాలేదు, తను కల్పించింది చెప్పడానికి ధైర్యం చాలలేదు. ఎంతోమంది నటులకు మాట అందించిన మనిషికి ఒక్క మాట దొరకలేదు. ఇప్పుడు ఆ సంచి బయటికి వెళ్తుందో, లోపలికి వెళ్తుందో ఆ మాట మీద ఉంది. కాసేపటికి భ్రమరాంబ గొంతు వినిపించింది, జనానికి వినపడకూడదన్నంత చిన్నగా.

"'ఆ జరీ అంగీని వంటపొయ్యి సెగన పట్టుకుని...' ఊఁ, చదువు."

తాయారు ఏడుస్తూ చదివింది. చివరిదాకా చదివింది. సంచి సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

పరాంకుశం గారు చెప్పడం ఆపి కండువా భుజాన వేసుకున్నారు. ఇక లేస్తారని మాకు అర్థమైంది. నా మట్టుకు నాకు ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. శ్రీహరి మాత్రం వదిలే మనిషి కాదు. దొంగ కరెంటు ఏ తీగలో పోతోందో ఇంకా తేలలేదు ఆయనకు.

"అదంతా సరేనండీ. ఇంతకీ ఈ యంత్రాన్ని నమ్మొచ్చంటారా, కూడదంటారా?"

గురువుగారు ఆ పలక వంక కాసేపు చూశారు. ఆ చూపులో అనుమానమేమీ కనిపించలేదు నాకు.

"ఉన్నదంతా ఒక్క అక్షరం పొల్లుపోకుండా చదివింది నాయనా," అన్నారు లేస్తూ, "పాపం."