గంటం పడని గ్రంథం

రాజవైద్యుడు విరూపాక్షశాస్త్రి కొలువులో కొత్త వైద్యగ్రంథం విప్పాడు. రాసింది ఆయనింట్లోని మాటల మరబొమ్మ. ఆ సంగతి గుట్టుగా ఉంచాడు.

"పసిబిడ్డల జ్వరానికి ఈ మందు మోతాదు మన పుస్తకశాలలోని 'జ్వరచంద్రిక'లో ఉంది. స్వయంగా చదివాను!" అన్నాడు. వైద్యులందరికీ ప్రతులు పంపమన్నాడు రాజు.

పుస్తకశాలలో తాటాకు కట్టలు కట్టే నూకాలమ్మ కొలువులో ఓ మూల నిలబడి ఆ మాట వింది. వెళ్లి జ్వరచంద్రిక తెచ్చింది. "ఎక్కడుందో చూపించండి, బాబయ్యా."

శాస్త్రి కట్ట విప్పితే అన్నీ ఖాళీ ఆకులే! "పేరొక్కటే రాసిపెట్టాం. రాసే వైద్యుడు ఇంకా దొరకలేదు" అంది నూకాలమ్మ.

శాస్త్రి తల వంచుకున్నాడు. "ఈ గ్రంథం రాసింది మా ఇంట్లోని మరబొమ్మ. దానికి పుస్తకశాల జాబితా వినిపించాను. మిగతాదంతా అదే అల్లింది."

"విరగ్గొట్టండి దాన్ని!" అన్నాడు రాజు.

"దాన్నని ఏం లాభం ప్రభూ? జ్వరం చూసిన చెయ్యి శాస్త్రిగారిది" అంటూ నూకాలమ్మ ఆ ఖాళీ కట్ట ఆయన చేతికిచ్చింది. "బొమ్మ సాయముంటే మొదటి ఆకులోనే చెప్పండి. ఇందాక దీన్ని చదివానన్నారుగా బాబయ్యా, ఇప్పుడు రాయండి."